చీటీలో లేని మాట: సభల్లో మాట్లాడేవారి ప్రశ్నలకు జవాబులు

రాసుకున్నది ఒకటి, వేదిక ఎక్కాక జరిగింది ఇంకొకటి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ ఇబ్బంది గురించే. ఒకే రకం ప్రశ్నలు పదేపదే వచ్చినచోట కలిపేశాం. పేరు వేయవద్దన్నవారే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: ఇరవై నిమిషాలు మాట్లాడమని పిలిచారు. తీరా నా వంతు వచ్చేసరికి ‘సార్, ఏడు నిమిషాల్లో ముగించండి’ అని చీటీ పంపారు. ఉన్నదంతా వేగంగా చదివేశాను. ఎవరికీ ఏమీ ఎక్కలేదని వాళ్ల ముఖాలే చెప్పాయి. అలాంటప్పుడు ఏం చేయాలి? (ఒక అధ్యాపకుడు)

జవాబు: ఏం చేసినా వేగం మాత్రం పెంచకండి. మాట పరుగెత్తితే ముందుగా పోయేది వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉండే ఖాళీ. వినేవాళ్లు విన్నదాన్ని సర్దుకునేది ఆ ఖాళీలోనే. అది పోయాక మీరు ఎంత మంచి సంగతి చెప్పినా చెవిని తాకి జారిపోతుంది. తగ్గించాల్సింది సరుకును.

అయితే ఏది తీసేయాలో మైకు ముందు నిలబడి తేల్చుకోలేం. ఆ పని రాసుకునేటప్పుడే అయిపోవాలి. ఇరవై నిమిషాల ప్రసంగాన్ని ఇలా కట్టుకోండి: ఆరంభం ఒక నిమిషం, ఒక్కొక్కటి అయిదేసి నిమిషాల మూడు ముక్కలు, ముగింపు రెండు నిమిషాలు. మొత్తం పద్దెనిమిది. మిగిలిన రెండు నిమిషాలూ మైకు సర్దుకోవడానికీ చప్పట్లకూ ఎలాగూ ఖర్చవుతాయి. ప్రతి ముక్కలో మొదటి వాక్యమే ఆ ముక్క సారం కావాలి. దాని తర్వాత ఒక ఉదాహరణ, ఆ తర్వాత వివరణ. ఈ వరుస ఎందుకంటే, అయిదు నిమిషాల ముక్కను రెండు నిమిషాలకు కుదించాల్సి వస్తే వివరణ వదిలేసినా సారం, ఉదాహరణ మిగులుతాయి. వివరణతో మొదలుపెట్టి సారాన్ని చివరికి దాచుకున్నవాళ్లకు కోతపడేది సారమే.

రెండో జాగ్రత్త: ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడకూడదు. రాసుకున్నదాంట్లో ‘ఇందాక చెప్పినట్టు’, ‘దీని గురించి తర్వాత చూద్దాం’ అన్న మాటలు ఎక్కడ కనిపించినా అక్కడో ముడి ఉందని గుర్తు. విప్పేయండి. ఆపైన ముక్కలకు 1, 2, 3 అని చెప్పే వరుస వేసుకుని, పక్కనే అ, ఆ, ఇ అని ముఖ్యత కూడా వేసుకోండి. రెండూ ఒకటి కానక్కర్లేదు. చెప్పే వరుసలో మూడోది ముఖ్యతలో ‘అ’ కావచ్చు. ఏడు నిమిషాలే ఇచ్చారా? ఆరంభం, వివరణ కాస్త తగ్గించిన ‘అ’ ముక్క, ముగింపు. అంతే.

వదిలేసిన రెండు ముక్కల ఊసు ఎత్తకండి. ‘సమయం లేదు కాబట్టి ఫలానా ఫలానా చెప్పలేకపోతున్నాను’ అన్నారంటే అప్పటిదాకా లేని వెలితిని సభకు మీరే చూపించినట్టు. మీరేం వదిలేశారో మీకు తప్ప ఆ హాల్లో ఎవరికీ తెలియదు.

ముగింపు వాక్యం మాత్రం కంఠతా ఉండాలి. గంట కొట్టినా, నిర్వాహకులు వచ్చి పక్కన నిలబడినా, ఎక్కడున్నవారు అక్కడి నుంచి నేరుగా ఆ వాక్యం మీదికి దూకగలగాలి.

దీనికి తిరగబడ్డ కష్టం కూడా ఒకటుంది: ‘ఇంకో పది నిమిషాలు మాట్లాడండి’. అప్పుడు కొత్త విషయం ఎత్తుకోవద్దు, దాన్ని ముగించలేక అవస్థ పడతారు. చెప్పినదానికే మరో ఉదాహరణ ఇవ్వండి. ఒక్కో ముక్కకు ఒక్కో ఉదాహరణ అదనంగా దాచుకోమనేది ఇందుకే.

ప్రశ్న: నిమిషానికి ఎన్ని పదాలు మాట్లాడాలి? ఇంగ్లిష్ పుస్తకాల్లో 120 నుంచి 150 అని రాస్తారు. (ఒక విద్యార్థిని)

జవాబు: ఆ లెక్క ఇంగ్లిష్‌కు. తెలుగు మాటకు విభక్తి, ప్రత్యయం, సంధి అన్నీ అంటుకునే వస్తాయి. ‘వెళ్లాల్సివచ్చిందన్నమాట’ అనేది కాగితం మీద ఒక పదమే, ఇంగ్లిష్‌లో అయితే అయిదారు. కాబట్టి మీ లెక్క మీరే తీసుకోండి. సభలో మాట్లాడినట్టే నిలబడి మూడు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి, పదాలు లెక్కపెట్టి, మూడుతో భాగించండి. అదే మీ కొలత.

ప్రశ్న: ప్రసంగం మొత్తం బట్టీ పట్టాను. సగంలో ఒక్క వాక్యం గుర్తురాలేదు, ఇక ఏదీ గుర్తురాలేదు. క్షమించండి అని దిగివచ్చేశాను. మళ్లీ మైకు పట్టుకోవాలంటే భయంగా ఉంది. (ఒక ఉద్యోగిని)

జవాబు: 1904 ఏప్రిల్ 22న బ్రిటన్ కామన్స్ సభలో విన్‌స్టన్ చర్చిల్‌కు అచ్చంగా ఇదే జరిగింది. అప్పటికి ఆయన వయసు 29. కంఠతా పట్టిన ప్రసంగం మధ్యలో తెగిపోయింది. తర్వాతి మాట కోసం తడుముకుని, దొరక్క కూర్చుండిపోయారు. ఆ తర్వాత ఆయన జ్ఞాపకం ఒక్కదాన్నే నమ్ముకుని సభకు రాలేదు, విపులంగా రాసుకున్న కాగితాలతో వచ్చేవారు. పేరు మోసిన వక్తగా పేరు తెచ్చుకున్నదంతా ఆ తర్వాతే.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే భయం సగం పోతుంది. వాక్యం వాక్యంగా బట్టీ పట్టినప్పుడు ప్రతి వాక్యానికీ దాని ముందున్న వాక్యమే ఆధారం. మధ్యలో ఒకటి జారిందంటే తర్వాతిదాన్ని అందుకునే దారి ఇంకోటి ఉండదు. పైగా కంగారులో గుండె దడ పెరిగి, దృష్టి అంతా ‘నన్ను చూస్తున్నారు’ అన్నదాని మీదికి పోతుంది. వెతుక్కోవడానికి తలలో చోటు మిగలదు.

అందుకని వాక్యాల్ని గుర్తుపెట్టుకోవద్దు, మెట్లను గుర్తుపెట్టుకోండి. ముందు పూర్తిగా రాయండి. తర్వాత ఆ కాగితం పక్కన పెట్టి, ఒక్కో ముక్కకు రెండు మూడు మాటలు మాత్రం చిన్న కార్డు మీద ఎక్కించండి. ఆ కార్డు చూస్తూ మూడుసార్లు పైకి మాట్లాడండి, మూడుసార్లూ వేర్వేరు మాటలతో. ఈ ‘వేర్వేరు’ దగ్గరే చాలామంది జారిపోతారు. రెండోసారి బాగా కుదిరిందని మూడోసారీ అదే వాక్యాలు అప్పజెబుతారు, మళ్లీ బట్టీలోకి వెళ్లిపోతారు. నాలుగోసారి మూడో ముక్కతో మొదలుపెట్టి చూడండి. వరుస మారినా మాట్లాడగలిగితే ఇక ఎక్కడ తెగినా అతుక్కుంటుంది.

కంఠతా ఉండాల్సినవి నాలుగే: మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం, మనుషుల పేర్లు, అంకెలు. పేర్లు, అంకెలు కార్డు మీద కూడా రాసుకోండి. అప్పటికప్పుడు కల్పించి చెప్పకూడనివి ఈ రెండూనే.

అన్నీ చేసినా వేదిక మీద మాట తప్పిపోతే ఇలా చేయండి. నోరు మూసుకోండి. ఊపిరి నెమ్మదిగా వదలండి, పీల్చినదానికన్నా వదలడానికి ఎక్కువసేపు పట్టాలి. కార్డు చూడండి. అప్పటికీ అందకపోతే ఇప్పుడే చెప్పిన వాక్యాన్ని ఇంకో రకంగా చెప్పండి. చాలాసార్లు దారి అక్కడే దొరుకుతుంది. దొరకలేదా, తర్వాతి మెట్టుకు వెళ్లిపోండి. మూడు నాలుగు సెకన్ల మౌనం మీకు యుగంలా ఉంటుంది కానీ సభకు అది ఆలోచించి మాట్లాడుతున్నట్టే కనిపిస్తుంది. ‘మర్చిపోయాను’ అని మీరు చెబితే తప్ప మర్చిపోయారని తెలియదు.

ప్రశ్న: ఏ కార్యక్రమానికి వెళ్లినా వెనక వరసలో కూర్చుంటాను. అయినా ‘మీరూ రెండు మాటలు మాట్లాడండి’ అని పిలిచేస్తారు. లేచి నిలబడగానే తల ఖాళీ. (ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: పిలిచేవాళ్లున్నారని తెలుసు కాబట్టి ఇక ఇది అనుకోనిదేమీ కాదు. సభలో కూర్చున్నప్పుడే మూడు సంగతులు ఏరిపెట్టుకోండి: ముందు మాట్లాడినవారి మాటల్లో మీకు నచ్చింది ఒకటి, మీకు స్వయంగా తెలిసిన సంఘటన ఒకటి, ఈ పని ఇక ముందు ఎటు పోతే బాగుంటుందన్న ఆలోచన ఒకటి. ఒక్కోదానికి ఒక్క మాట చాలు, కరపత్రం వెనకే రాసుకోవచ్చు.

పిలిచాక, కుర్చీ నుంచి మైకు దాకా నడిచే ఆ కాసేపట్లో చేయాల్సిన పని ఒక్కటే: చివరి వాక్యం ఎంచుకోవడం. అందరూ మొదటి వాక్యం వెతుక్కుంటారు. మొదటిది దొరికినా, ఎక్కడ ఆపాలో తెలియని మనిషి తిరిగినచోటే తిరుగుతుంటాడు. ‘రెండు మాటలు’ పావుగంట కావడానికి కారణం చాలాసార్లు ఇదే, చెప్పడానికి ఎక్కువ ఉండి కాదు. చేరాల్సిన చోటు తెలిస్తే ఎక్కడ మొదలుపెట్టినా ఫర్వాలేదు.

తర్వాత ఏదో ఒక చట్రం పట్టుకోండి. ఎక్కువసార్లు పనికొచ్చేవి రెండు. వ్యక్తి గురించో సంస్థ గురించో అయితే నిన్న, నేడు, రేపు: అప్పుడెలా ఉంది, ఇప్పుడేమైంది, ఇక ముందేం కావాలి. అభిప్రాయం అడిగితే మాట, కారణం, ఉదాహరణ, మళ్లీ మాట. ‘గ్రంథాలయం సాయంత్రాలు కూడా తెరిచి ఉంచాలి. ఎందుకంటే పనిచేసుకునేవాళ్లు పగలు రాలేరు. ఫలానా కుర్రాడు పని ముగించుకుని పరుగున వచ్చేసరికి తలుపులు మూసేసి ఉంటున్నాయి. సాయంత్రాలు తెరవాలి.’ ఇది ముప్పై సెకన్లు కూడా పట్టదు. కారణాన్నీ ఉదాహరణనీ కాస్త పెంచితే నిమిషంన్నర.

నిమిషంన్నర దాటకండి. సభల్లో మాట్లాడటం సాధన చేయడానికి 1924లో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ సంఘాల్లో అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద మాట్లాడించే విభాగం ఒకటుంది. అక్కడ ఇచ్చే సమయం ఒకటి నుంచి రెండు నిమిషాలే. నిమిషానికి ఆకుపచ్చ దీపం, నిమిషంన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు వెలుగుతాయి. ముందు సిద్ధం చేసుకోని మాటకు ఆ నిడివి సరిపోతుంది, సభ ఓపిక్కీ సరిపోతుంది.

ఒకటి మాత్రం అనకండి: ‘నేనేమీ సిద్ధపడి రాలేదు.’ పిలిచినవాళ్లకు అది తెలుసు. వినేవాళ్లకు అనవసరం.

ప్రశ్న: గొప్ప వక్తలు కాగితం చూడరంటారు. మార్టిన్ లూథర్ కింగ్ కూడా ఆ ప్రసిద్ధ ప్రసంగం అప్పటికప్పుడే చెప్పారట. మరి రాసుకోవడం దేనికి? (ఒక యువకుడు)

జవాబు: సగం నిజం. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు ఆయన చేతిలో రాసిన ప్రసంగం ఉంది, చాలాసేపు దాని ప్రకారమే మాట్లాడారు. ‘నాకొక కల ఉంది’ అన్న భాగం ఆ రాతలో లేదు. దగ్గర్లో ఉన్న గాయని మహాలియా జాక్సన్ ‘ఆ కల గురించి చెప్పు’ అని కేక వేశారని అక్కడున్నవారు చెప్పారు. ఆయన కాగితం వదిలేసి అటు మళ్లారు.

ఇక్కడిదాకే చెబుతారు. మిగతా సగం ఏమిటంటే, ఆ ‘కల’ అప్పుడు పుట్టింది కాదు. అంతకు రెండు నెలల ముందు జూన్ 23న డెట్రాయిట్‌లో, అంతకుముందు 1962లో రాకీ మౌంట్ అనే ఊళ్లో ఆయన ఆ మాటలు వాడారు. సభల్లో అరిగి నునుపెక్కిన ముక్క అది. అప్పటికప్పుడు చేసింది దాన్ని ఎత్తుకోవాలన్న నిర్ణయం. నిర్ణయం క్షణంలో తీసుకోవచ్చు, ముక్క మాత్రం ముందే ఉండాలి. మీరూ రాయండి. చెప్పి చూడండి. బాగా పండిన ముక్కల్ని ఒక నోటుపుస్తకంలో దాచుకోండి. అయిదారు పోగయ్యాక మీరూ కాగితం చూడకుండా మాట్లాడుతున్నారని జనం అంటారు.

ప్రశ్న: నేను చెప్పాలనుకున్నవన్నీ ముందు వక్తే చెప్పేశారు. (ఒక రచయిత)

జవాబు: ‘నేను చెప్పాల్సినవన్నీ వారే చెప్పేశారు’ అని మొదలుపెట్టి, మళ్లీ అవే ఇరవై నిమిషాలు చెప్పడం మన సభల్లో చూస్తూనే ఉన్నాం. ఆ వాక్యం వద్దు. ఆయన చెప్పిన అయిదింట్లో ఒకటి తీసుకుని లోతుకు దిగండి. ‘వారు మూడో సంగతిగా చెప్పినది అమలులో ఎక్కడ చిక్కుపడుతుందో చెబుతాను’ అనవచ్చు. లేదా మర్యాదగా విభేదించండి, సభ నిద్ర లేస్తుంది. ఆ రెండూ కుదరకపోతే అదనపు ఉదాహరణలు ఉన్నాయి కదా, వాటితోనే సరిపెట్టి అయిదు నిమిషాల్లో దిగిరండి. త్వరగా ముగించిన వక్తను ఎవరూ తప్పుపట్టరు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ కలవలేదు, స్లైడ్లు తెరుచుకుంటే అక్షరాలన్నీ డబ్బాలుగా వచ్చాయి, మధ్యలో కరెంటు పోయింది. ఇన్ని ఒకేరోజు! (ఒక ఇంజినీరు)

జవాబు: ఒక్కొక్కటీ చూద్దాం. డబ్బాలు రావడానికి కారణం మీరు వాడిన తెలుగు ఫాంటు ఆ కంప్యూటర్‌లో లేకపోవడం. స్లైడ్లను పీడీఎఫ్‌గా కూడా దాచి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు సాధారణంగా ఫైల్‌తోపాటే వస్తుంది కాబట్టి ఎక్కడైనా అక్షరాలు నిలుస్తాయి. యానిమేషన్లు, వీడియోలు మాత్రం పోతాయి, వాటి మీద ఆధారపడకండి. ప్రొజెక్టర్ తీగ కొన్నిచోట్ల హెచ్‌డీఎంఐ, పాత హాళ్లలో వీజీఏ. రెండింటికీ కన్వర్టర్ సంచిలో ఉండాలి. కార్యక్రమానికి అరగంట ముందే వెళ్లి ఒకసారి కలిపి చూడండి. వక్తలందరూ వచ్చి కూర్చున్నాక అది కుదరదు.

పవర్‌పాయింట్‌లో స్లైడ్ల ప్రదర్శన నడుస్తుండగా ‘బి’ అక్షరం నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే తిరిగి వస్తుంది. ఎవరైనా ప్రశ్న అడిగి మాట పక్కకు మళ్లినప్పుడు తెరను ఆర్పేస్తే చూపులు మీ మీదికి వస్తాయి. స్లైడు సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా దానికి వెళుతుంది. సమయం కోతపడినప్పుడు పది స్లైడ్లను చకచకా తిప్పుతూ ‘ఇది వదిలేద్దాం, ఇది కూడా వదిలేద్దాం’ అనే అవస్థ తప్పుతుంది. ముఖ్యమైన స్లైడ్ల సంఖ్యలు కార్డు మీద రాసుకుంటే చాలు.

కరెంటు పోతే: వెంటనే ఆపండి. అరిచి కొనసాగించకండి. పోడియం వదిలి ముందుకు రండి, వీలైతే వెనకవారిని ముందు వరసల్లోకి పిలవండి. ఆ తర్వాత వాక్యాలు చిన్నవి చేసి, చివరి వరసలో ఒక మనిషిని చూస్తూ మాట్లాడండి. గొంతు దానంతటదే ఆ దూరానికి సర్దుకుంటుంది. మైకు లేనప్పుడు తినేసేది వాక్యం చివరనే. మన క్రియ ఉండేది అక్కడే, అవునో కాదో తేలేదీ అక్కడే. ‘చేయాలి’, ‘చేయకూడదు’ రెండూ ‘చేయ...’ అనే వినబడితే ఇక ప్రసంగం ఎందుకు?

మైకు కీచుమంటే దాన్ని చేత్తో మూయకండి. మూస్తే ఇంకా ఎక్కువవుతుంది. స్పీకర్ పెట్టె ముందు నిలబడ్డారేమో చూసుకుని, దాని వెనక్కి జరగండి. జాలీ మీద వేళ్లు పడకుండా పిడి పట్టుకుని, నోటికి మూడు నాలుగు వేళ్ల దూరంలో ఉంచండి.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 1993 సెప్టెంబరు 22న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆరోగ్య విధానం గురించి పార్లమెంటు ఉభయసభల ముందు నిలబడేసరికి టెలిప్రాంప్టర్‌లో, అంటే చదవాల్సిన మాటల్ని వక్తకు ఎదురుగా చూపే తెర మీద, ఫిబ్రవరి నాటి పాత ప్రసంగం కనిపించింది. సిబ్బంది దాన్ని సరిచేసేలోగా సుమారు ఏడు నిమిషాలు ఆయన దాని సాయం లేకుండానే మాట్లాడారు, చూస్తున్నవాళ్లకు ఏ తేడా తెలియలేదు. అది సాధ్యమైంది విషయం మీద ఎన్నో నెలల పని ఉండబట్టి. అచ్చువేసిన ప్రతి కూడా దగ్గరుంది. మీరూ కాగితం ప్రతి ఒకటి ఉంచుకోండి.

ప్రశ్న: మాట్లాడటం ఫర్వాలేదు, ఆ తర్వాత ప్రశ్నలంటేనే వణుకు. తెలియనిది అడిగితే? గొడవకు దిగితే? (ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్త)

జవాబు: ముందు రోజు పది ప్రశ్నలు మీరే రాసుకోండి, అందులో అయిదు మీకు ఇష్టంలేనివి కావాలి. అడిగించుకోకూడదని మీరనుకునే ప్రశ్నే రేపు వస్తుంది. ఆ అయిదింటికీ ఒక్కో నిమిషంలో జవాబు పైకి చెప్పి చూసుకోండి. మనసులో బాగానే ఉన్న జవాబు నోట్లోకి వచ్చేసరికి నీళ్లు నమిలినట్టు ఉంటుంది, అది సభలో కాకుండా ఇంట్లోనే తెలియడం మంచిది.

ప్రశ్న వచ్చాక దాన్ని మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి. వెనకవాళ్లకు వినబడుతుంది, మీరు సరిగా అర్థం చేసుకున్నారో లేదో తేలుతుంది, ఆలోచించడానికి అయిదారు సెకన్లు చిక్కుతాయి. తిరిగి చెప్పేటప్పుడు అందులోని ముల్లు తీసేయండి. ‘ఇంత డబ్బు ఎందుకు తగలేశారు?’ అంటే ‘ఖర్చు దేనికైందని అడుగుతున్నారు’ అనండి, ఖర్చుకే జవాబు చెప్పండి. ‘తగలేశారు’ అన్న మాటను మీరు కాదనడానికైనా పలికితే సభకు గుర్తుండేది అదే.

తెలియకపోతే మూడు భాగాలుగా చెప్పండి: ఇంతవరకు తెలుసు, ఇక్కడి నుంచి తెలియదు, ఫలానా రోజుకల్లా కనుక్కుని చెబుతాను. మూడో భాగం అన్నాక చేసి తీరాలి, అడిగినవారి ఫోన్ నంబరు సభ ముగియగానే రాసుకోండి. ఊహించి అంకె చెప్పారో, అది తెలిసిన మనిషి ఆ హాల్లో ఒక్కరున్నా మీరు అంతవరకు చెప్పినవన్నీ అనుమానంలో పడతాయి.

ప్రశ్న పేరుతో ఉపన్యాసం మొదలుపెట్టేవారు ప్రతి సభలో ఉంటారు. వారు ఊపిరి తీసుకునేచోట అందుకుని ‘మీరు చెప్పినవాటిలో ఫలానాది అందరికీ పనికొస్తుంది, దానికి జవాబు చెబుతాను’ అనండి. జవాబు మొదట వారివైపు చూస్తూ చెప్పి, ముగించేటప్పుడు చూపు ఇంకోవైపు తిప్పండి. వారినే చూస్తూ ముగిస్తే రెండో ప్రశ్నకు మీరే తలుపు తీసినట్టు.

మధ్యలో ఎగతాళి మాటలు విసిరేవారి సంగతి: మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పనే అది, అవధాని ధ్యాస చెదరగొట్టడం. అవధాని అతనితో వాదానికి కూర్చోడు. చిన్న చమత్కారంతో జవాబిచ్చి పద్యం ఎక్కడ ఆగిందో అక్కడికి వెళ్లిపోతాడు. మీకు చమత్కారం తోచకపోతే చిరునవ్వు చాలు, తిరిగి రావడమే ముఖ్యం. అందుకే అంతరాయం రాగానే ఆగిన మాట మీద కార్డులో వేలు పెట్టి ఉంచండి.

ఎవరూ ఏమీ అడగకపోతే అదో ఇబ్బంది. ‘సాధారణంగా నన్ను ఒకటి అడుగుతుంటారు’ అని మీరే ఒకటి ఎత్తుకోండి. మొదటిది పడ్డాక మిగతావి వస్తాయి.

ప్రశ్న: అప్పటికప్పుడు మాట్లాడితే ‘అంటే’, ‘ఏంటంటే’, ‘అన్నమాట’, ‘సో’ అనేవి లెక్కలేనన్ని దొర్లుతాయి. (ఇద్దరు పాఠకులు)

జవాబు: అవి వచ్చేది వాక్యం మధ్యలో దారి తెలియనప్పుడు. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. ‘గత సంవత్సరం మన సంఘం తరఫున కొత్తగా చేరిన సభ్యుల కోసం మొదలుపెట్టిన...’ అని ఎత్తుకున్నారంటే ఇంకా ఏం జరిగిందో చెప్పలేదు, ఎలా ముగించాలో తెలియదు, ఆ గుంటలో ‘అంటే’ పడుతుంది. మందు చిన్న వాక్యం. ‘గత సంవత్సరం ఒక తరగతి మొదలుపెట్టాం. అది కొత్త సభ్యుల కోసం.’ ఒక్కో వాక్యంలో ఒక్క సంగతి చెప్పి, క్రియ పలికేసి, ఆగండి. ఆ ఆగినచోట నోరు మూసి ఉంచడమే అభ్యాసం.

ఇంకో కారణం భాష. రాసేటప్పుడు ‘తదనుగుణంగా’, ‘సముచిత రీతిలో’ అని రాసుకుంటారు, రాత వదిలి సొంతంగా మాట్లాడాల్సి రాగానే ఇంటి భాషలోకి పడతారు. ఆ అతుకు దగ్గర తడబాటు తప్పదు, సభకూ తెలిసిపోతుంది. మొదటి నుంచీ మాట్లాడే భాషలోనే రాసుకుంటే ఎక్కడ కాగితం ఆగిందో, ఎక్కడ మీరు మొదలయ్యారో ఎవరికీ తెలియదు.

ప్రశ్న: హాస్యం అప్పటికప్పుడు పుట్టించవచ్చా?

జవాబు: మీ మీద మీరు వేసుకునేదైతే సరే. సభలో ఉన్న మనిషి మీద వద్దు. నవ్వు రాకపోతే మీరు ఎదురుచూశారని తెలియనివ్వకుండా ముందుకు పొండి.

ప్రశ్న: నేను వ్యాఖ్యాతను. ముఖ్య అతిథి ఇంకా రాలేదు, ‘కాసేపు నడిపించండి’ అంటారు. ఎంతసేపో చెప్పరు. (ఒక వ్యాఖ్యాత)

జవాబు: ముందు అది కనుక్కోండి. అతిథితో ఫోన్‌లో మాట్లాడుతున్న మనిషి ఎవరో తెలుసుకుని, ప్రతి అయిదు నిమిషాలకూ వేళ్లతో ఎన్ని నిమిషాలో చూపించమనండి. సభకు నిజం చెప్పండి: ‘అతిథి దారిలో ఉన్నారు, పదిహేను నిమిషాలు పడుతుంది.’ ‘మరికొద్ది క్షణాల్లో’ అని నాలుగుసార్లు అన్నాక మీ మాట ఎవరూ నమ్మరు.

ఆ పదిహేను నిమిషాలకు మీ సంచిలో ఎప్పుడూ ఉండాల్సినవి: కార్యక్రమం ఎలా మొదలైందన్న రెండు నిమిషాల కథనం, చదవాల్సిన ప్రకటనలు, ముందు వరసలో ఇద్దరు ముగ్గురిని మైకు ముందుకు పిలిచి అడగగల ఒక తేలిక ప్రశ్న. ఎవర్ని పిలుస్తారో వారికి ముందే చెవిలో వేయండి. వాళ్లనూ ఇరకాటంలో పెట్టడం న్యాయం కాదు. అతిథి పరిచయాన్ని మాత్రం ఈ ఖాళీలో వాడేయకండి, వచ్చాక చెప్పడానికి ఏమీ మిగలదు. ప్రతి ముక్కనూ ఒక్క వాక్యంలో ముగించగలిగేలా ఉంచుకోండి, అతిథి తలుపు దగ్గర కనిపించగానే ఆపేయాలి కదా.

ప్రశ్న: ఇంట్లో సాధన చేయడానికి పద్ధతి చెప్పండి. (పలువురు)

జవాబు: ముప్పై చీటీలు తీసుకోండి. ఒక్కోదానిమీద ఒక్క మాట రాయండి: తాళం, వాన, అప్పు, కిటికీ, ఆలస్యం. సగం వస్తువులు, సగం కంటికి కనిపించనివి. రోజుకొకటి తీయండి. పదిహేను సెకన్లు ఆలోచించి చివరి వాక్యం ఎంచుకుని, ఒక నిమిషం నిలబడి మాట్లాడండి. కూర్చుని మాట్లాడితే ఊపిరి, గొంతు వేరేగా పనిచేస్తాయి. ఫోన్‌లో రికార్డు చేసి ఒక్కసారే వినండి, ఒక్క లోపమే చూడండి. ఈ వారం ‘అంటే’లు, వచ్చే వారం వాక్యం చివర మింగేయడం, ఆపై వారం ముగింపు కుదిరిందా లేదా. అన్నీ ఒకేసారి చూసుకుంటే రెండో రోజే విసుగొచ్చి మానేస్తారు. మాట్లాడుతుండగా బాగాలేదనిపించినా నిమిషం పూర్తిచేయండి, ఆపి మళ్లీ మొదలుపెట్టే అలవాటు పడితే సభలోనూ అదే చేస్తారు. చీటీలు అయిపోయాక అవే తిరగేసి రెండేసి తీయండి. రెండింటినీ కలిపి మాట్లాడటం ఇంకాస్త కష్టం.

ప్రశ్న: కాగితం పట్టుకుంటే చేతులు వణుకుతున్నట్టు తెలిసిపోతోంది.

జవాబు: పెద్ద పల్చటి కాగితం చిన్న వణుకును పెద్దది చేసి చూపిస్తుంది. అరచేతిలో ఇమిడే దళసరి కార్డులు వాడండి, ఒక వైపే రాయండి, మూలన అంకెలు వేయండి. కింద పడి కలిసిపోయినా వరుస దొరుకుతుంది.